నలభై ఏడో నంబరు గుర్రం

మా అమ్మాయి చేరి ఉన్న తెలుగువారి వాట్సాప్ గ్రూపులో గత అక్టోబరులో ఎవరో ఒక వేలం జాబితా పంపారు. మన కోస్తా జమీందారుగారొకరు సేకరించిన బ్రిటిష్ చిత్రాలను వర్జీనియాలో మేముండే హెర్న్‌డన్‌కు గంట దూరంలో అమ్ముతున్నారని, అందరూ కలిసి వెళ్ళి ఫొటోలు దిగుదామని దాని కింద నాలుగైదు వ్యాఖ్యలున్నాయి. అమ్మాయి దాన్ని నాకు చూపించింది. నేను కళ్ళజోడు మార్చుకుని, పెన్సిలు, కాగితం దగ్గర పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాను.

శీర్షికలోనే అబద్ధం ఉంది. ‘దక్షిణ భారత రాజవంశీకుని సేకరణ’ అన్నారు. ఆ వంశంలో రాజులెవరూ లేరు, శిస్తు వసూలు చేసుకున్న జమీందారులే. మొదటి మాట ఇలా ఉంటే మిగతావి ఎలా ఉంటాయో అన్న అనుమానంతోనే ముందుకు సాగాను. వేటకుక్కలు, నక్కల వేటలు, టోపీలు పెట్టుకున్న దొరసానులు. ఇవన్నీ జమీందారుగారు లండన్‌లో కొని, అక్కడి తమ ఇంట్లోనే ఉంచుకున్నవి. వాటితో నాకు పని లేదు. వేలంవారు లాట్ అనే వరుస సంఖ్యల్లో ముప్పై ఒకటి దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది.

బూడిదరంగు గుర్రం, ఎర్రకోటు తొడుక్కున్న గుర్రపువాడు, పక్కన నల్లకుక్కపిల్ల. చట్రం వెనుక గుర్తు తెలియని లిపిలో రెండు అక్షరాలున్నాయని రాసి, వాటి ఫొటో వేశారు. అవి అక్షరాలు కావు, తెలుగు అంకెలు: ౪౭. పటం ఎవరి చేతులు మారి వచ్చిందో చెప్పవలసిన చోట ‘కుటుంబ వారసత్వంగా మనుమడికి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు.

నలభై ఏడో నంబరు పటం నాకు తెలుసు. దాని వల్ల ఒక మనిషి దొంగ అనిపించుకున్నాడు. అనిపించినవి నేను రాసిన రిజిస్టర్లు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ప్రభుత్వం పాత కళావస్తువులను నమోదు చేయించసాగింది. ఆ జమీందారుగారి దివాణానికి నన్ను పంపారు. దివాణం వారి పాత జాబితా చేత పట్టుకుని, ఒక్కొక్క పటం ముందూ నిలబడి, కొలిచి, ఉన్నదో లేదో రాయడం నా పని. రిజిస్టరులో చివరి గడికి ‘చూచితిని’ అని అచ్చువేసి ఉండేది. దాని కింద నా పొడి సంతకం పెట్టాలి.

మొదటి తనిఖీలో యాభై మూడు పటాలు తేలాయి. పదకొండు నెలల తరువాత రెండో తనిఖీలో యాభై రెండే ఉన్నాయి. దివాణంలోని గదులన్నిటికీ తాళం వేసి తీసే బాధ్యత ఒక్కరిది. ఆయనను అందరూ తాళాల గుమాస్తాగారు అనేవారు. ముప్పై ఏళ్ళుగా ఆ గుత్తి ఆయన నడుముకే ఉంది. జమీందారుగారి వ్యవహారాలు చూసే దివానుగారు నా రెండు రిజిస్టర్లనూ పక్కపక్కన పరచి అందరి ముందూ చదివించారు. మొదటిదానిలో ఉన్నది రెండోదానిలో లేదు, ఆ మధ్యకాలంలో తాళాలు ఒక్కరి దగ్గరే ఉన్నాయి. అంతటితో విచారణ ముగిసింది. ఆయనను పనిలోంచి తీసేశారు. పోలీసులకు అప్పగించకపోవడం జమీందారుగారి దయ అని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ నెలలోనే ఆయన పెళ్ళాంబిడ్డలతో ఊరు విడిచి వెళ్ళారు.

ఇప్పుడు అదే పటం జమీందారుగారి మనుమడి సొత్తుగా వర్జీనియాలో వేలానికి వచ్చింది. నాకు తోచిన అర్థం ఒక్కటే. ఇంటివారే పటాన్ని దాచి, నేరాన్ని నౌకరు మీద వేశారు. తాళాల గుమాస్తాగారు నిర్దోషి, నా రిజిస్టర్లు నిర్దుష్టం. రెండూ ఒకేసారి రుజువవుతాయి. ఆ రాత్రే ఐదు అంశాలతో రెండు పేజీల ఆరోపణపత్రం ఇంగ్లిష్‌లో తయారుచేశాను.

ఉద్యోగకాలపు నకళ్ళు, చిత్తు పుస్తకాలు, ఉత్తరాలు అన్నీ ఒక అట్టపెట్టెలో ఇండియా నుంచి నాతో తెచ్చుకున్నాను. అమ్మాయి దాన్ని అటక మీది నుంచి దించుతూ, “ఆవకాయ జాడీకి ప్లేస్ లేదని వదిలేసి ఈ బాక్స్ తెచ్చారు కదా, మొత్తానికి యూజ్ అయింది” అంది. తరువాత నా ఆరోపణపత్రం చదివింది. చదివాక నవ్వలేదు.

“నాన్నా, వాళ్ళని మొహాన దొంగలని అనేయకండి. ఇక్కడ లాయర్‌ని పెడతారు. మీ గ్రీన్‌కార్డ్ ఇంకా చేతికి రాలేదు.”

కాగితం మీద ఉన్నదే మాట్లాడతానని మాట ఇచ్చాను.

వేలానికి రెండు వారాల ముందు, పటాలను జనం వచ్చి చూసుకోవడానికి ఒక శనివారం తలుపులు తెరిచారు. అమ్మాయి నన్ను కారులో తీసుకువెళ్ళింది. పొడవాటి బూట్లు వేసుకున్నవారు కాఫీ కప్పులతో పటాల ముందు తిరుగుతున్నారు. సందర్శకుల పుస్తకంలో సంతకంతో పాటు నేను వచ్చిన సమయం కూడా వేశాను. ఆ గది బాధ్యత చూసే అమెరికన్ యువతి చిరునవ్వుతో స్వాగతం చెప్పింది. అమ్మేవారి చిరునవ్వును నేను సాక్ష్యంగా తీసుకోను. ముప్పై ఒకటో లాట్ వెనుక భాగం చూడాలన్నాను. అలా అడిగేవారు తక్కువని సంతోషించి, పనివారి చేత పటం దింపించి బల్ల మీద బోర్లా పెట్టించింది. ఆ గుర్తులు తెలుగు అంకెలని, నలభై ఏడని చెప్పాను. ఆమె వెంటనే రాసుకుంది.

అంకెల కింద గోధుమరంగుకు తిరిగిన కాగితపు చీటీ ఒకటి చిన్న మేకుతో కొట్టి ఉంది. లండన్‌లో పటాలు మరమ్మతు చేసేవారి చీటీ అది. మరమ్మతుకు అందినట్లు సిరాతో రాసి, తేదీ వేశారు. ఆ తేదీని నా పుస్తకంలోకి ఎక్కించుకుని, మొదటి తనిఖీ తేదీతో పోల్చాను. చీటీ నాలుగు నెలల ముందుది.

అది అసంభవం. మొదటి తనిఖీనాడు పటం దివాణంలో ఉన్నదని నేనే రాశాను. కనుక చీటీ నకిలీది అయి ఉండాలి. భూతద్దం తీసి పరీక్షించాను. దాన్ని కొట్టిన మేకు తుప్పుపట్టి, ఆ తుప్పు కాగితంలోకి ఇంకి ఉంది. దుమ్ము చీటీ మీద, చట్రం మీద ఒకే పొరగా పేరుకుంది. నేను ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన ఉద్యోగం ఇలాంటివి చూడడమే. అయినా అనుమానం వదలలేదు.

జమీందారుగారి మనుమడు ఆ గదిలోనే ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి, ఈ దేశంలోనే పుట్టి పెరిగాడు. మమ్మల్ని చూసి తెలుగువారని పోల్చుకుని తానే వచ్చి పలకరించాడు. ఈ చీటీ సంగతి ఏమిటని అడిగాను.

“అది తాతగారు పంపించారు అంకుల్, షిప్‌లో, లండన్‌కి. పెయింట్ ఊడిపోతోంది అని. రిపేర్ అయ్యాక మా లండన్ హౌస్‌లోనే ఉంచేశారు.”

ఫోన్‌లో ఒక ఉత్తరం ఫొటో కూడా చూపించాడు. పటం క్షేమంగా అందిందని ఆ లండన్ వారు జమీందారుగారికి రాసిన ఉత్తరం. అదే తేదీ.

“ఆ పటం పోయిందని మీ తాతగారు ఒక మనిషిని పనిలోంచి తీసేశారు” అన్నాను.

“ఎవరిని, అంకుల్?”

అతని ముఖంలో దాపరికం కోసం వెతికాను. అది తెలియని మనిషి ముఖం.

ఇంతలో పనివారు పటాన్ని మళ్ళీ గోడకు తగిలించారు. అమ్మాయి దాని ముందు నిలబడి చూస్తూ, “ఇదేనా నాన్నా మీరు చూసింది?” అని అడిగింది. గుర్రం ఎడమవైపు తిరిగి ఉంది. కుక్కపిల్ల ఒక చెవి వాలి ఉంది. గుర్రపువాడి ముఖం మీద మశూచి మచ్చలున్నాయి. ఆ దివాణంలో నేను కొలిచిన పటాలను ఈనాటికీ కళ్ళు మూసుకుని వర్ణించగలను. ఇందులో ఒక్క వివరమూ నాకు జ్ఞాపకం రాలేదు.

ఆ ప్రశ్న అంతకు ముందు ఒక్కరే వేశారు. ఊరు విడిచి వెళ్ళేనాడు తాళాల గుమాస్తాగారు దివాణం మెట్ల మీద నన్ను ఆపారు. “బాబూ, ఆ గుర్రం పటం తమరు కళ్ళారా చూశారా?” అన్నారు. “రిజిస్టరులో రాసి ఉంది కదండీ” అన్నాను. ఆయన తల ఊపి మెట్లు దిగి వెళ్ళిపోయారు. నిందపడ్డ మనిషి నా రాతను శంకించడం ఆనాడు నాకు అవమానంగా తోచింది.

గోడ పక్కన కుర్చీలో కూర్చుని మొదటి తనిఖీనాటి చిత్తు పుస్తకం తెరిచాను. సాఫు రిజిస్టరు నకలును ఎన్నిసార్లు తిరగేశానో లెక్కలేదు. చిత్తు పుస్తకం ఏనాడూ తీయలేదు. నలభై వరకు ప్రతి పటానికీ పొడవు, వెడల్పు, చెదలు, చిరుగులు అన్నీ నా చేతిరాతలో ఉన్నాయి. నలభై ఒకటి నుంచి యాభై మూడు వరకు వట్టి అంకెలే, కొలతలు లేవు. అంచున పెన్సిలుతో ‘ఘోషా. గుమ్మం బయట’ అని ఉంది.

అప్పుడు అంతా జ్ఞాపకం వచ్చింది. ఆ పదమూడు పటాలూ మేడ మీద ఆడవారి గదుల్లో ఉండేవి. ఆ ఇంట ఘోషా పాటించేవారు, పరాయి మగవాడు గడప దాటకూడదు. నన్ను తెర ఇవతల ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. తాళాల గుమాస్తాగారు కూడా గడప దాటకుండా, తాళం తీసి ఇచ్చి మెట్ల దగ్గర నిలబడ్డారు. దివానుగారి మనిషి పాత జాబితా చూసి ఒక్కొక్క పటం పేరూ చదివాడు. తెర లోపలి నుంచి ముసలి దాసి ఒకతె “ఉందండి” అనేది. పదమూడుసార్లు “ఉందండి” అంది. దొరల పటాలలో ఏ గుర్రం ఏదో ఆమెకేం తెలుసు? అడిగినవారికి లేదని చెప్పడం ఆ ఇంటి మర్యాద కాదు. బసకు వచ్చి సాఫు రాసేటప్పుడు పాత జాబితాలోని కొలతలు ఎక్కించి, ‘చూచితిని’ కింద పదమూడు పొడి సంతకాలు పెట్టాను. విన్నదానికి అందులో గడి లేదు. రెండో తనిఖీనాటికి ఆడవారు మద్రాసుకు వెళ్ళి ఉన్నారు. మేడ తెరిచారు, నేను లోపలికి వెళ్ళి కళ్ళతో చూశాను. పన్నెండే ఉన్నాయి.

పోయిన పటమంటూ లేదు. నేను చూడనిదాన్ని చూశానని రాశాను, అంతే.

జమీందారుగారిని నేను వదలడం లేదు. పటం తామే లండన్‌కు పంపినట్లు ఆయనకు తెలుసు. నమోదు చేయవలసిన వస్తువును సముద్రం దాటించినందుకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందని ఊరుకున్నారని నా అనుమానం. రుజువు లేదు. కానీ ఆ మౌనానికి ఆధారం ఇచ్చింది నా సంతకం. ఆరోపణపత్రం మడిచి జేబులోనే ఉంచుకున్నాను.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి డ్రైవ్ చేస్తూ తాళాల గుమాస్తాగారి సంగతంతా నా చేత చెప్పించుకుంది. తరువాత, “ఆయనకి పిల్లలెవరైనా ఉన్నారా నాన్నా?” అంది.

ఉన్నారు. ఆ సంగతి కూడా అట్టపెట్టెలోనే ఉంది. ఆయన వెళ్ళిన ఏడేళ్ళకు ఆయన కుమార్తె నాకొక ఇన్‌లాండ్ ఉత్తరం రాసింది. నాన్న మంచాన పడ్డారని, లెక్కలో పొరపాటు ఉండవచ్చునని ఒక్క వాక్యం రాసి పంపితే ఆయనకు చూపిస్తానని అందులో కోరింది. ఉత్తరానికి నంబరు వేసి భద్రపరిచాను. మూల మీద నా చేతిరాత: ‘చదివితిని. జవాబు అవసరం లేదు.’

అమ్మాయి ఆ ఉత్తరంలోని ఊరి పేరు, ఇంటిపేరు తన గ్రూపులో పెట్టింది. రెండు రోజుల్లో ఆయన కుమార్తె ఆచూకీ దొరికింది. ఈ దేశంలోనే, అరోరా అనే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటోందట. ఆదివారం ఉదయం ఫోన్ చేసి నేనెవరో చెప్పాను. ఆమె పెట్టేయలేదు. చీటీ గురించి, తెర గురించి, చిత్తు పుస్తకం గురించి క్రమంగా చెప్పాను. క్షమించమని కూడా అన్నాను. చివరిదాకా అడ్డు రాకుండా వింది. నాన్నగారు ఎప్పుడు పోయారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తానే చెప్పింది. నాకు ఉత్తరం రాసిన సంవత్సరమే పోయారట, జవాబు వచ్చిందా అని రోజూ అడిగేవారట.

“ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి” అంది. “ఆ రోజు మీరు రాసిందే కదా అందరూ నమ్మారు. ఇదీ రాయండి. నా మనవలకి చదివి వినిపించాలి.”

రాస్తానన్నాను.

“మెట్ల మీద నాన్న మిమ్మల్ని ఒక మాట అడిగారు. ఆ మాట కూడా రాయండి. మీరేం జవాబిచ్చారో అదీ రాయండి.”

ఆ సంభాషణ నేను ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు, ఎవరికీ చెప్పలేదు. వారింట్లో మాత్రం అది ఇన్నేళ్ళూ పోకుండా ఉంది.

మొదటి ప్రతి మూడు పేజీలు వచ్చింది. చదువుకుంటే అందులో రెండు పేజీలు జమీందారుగారి గురించే. దాన్ని చిత్తుగా పక్కన పెట్టి మళ్ళీ రాశాను. నాలుగో ప్రతికి ఒక్క పేజీ అయింది. నలభై ఏడో పటం నేను చూడలేదు, చూసినట్లు రాశాను, తాళాల గుమాస్తాగారు అడిగినప్పుడు నిజం చెప్పలేదు, పటం అంతకు ముందే లండన్‌లో ఉంది. చిత్తు పుస్తకంలోని పేజీ నకలు, చీటీ ఫొటో జతచేశాను. హెర్న్‌డన్ పోస్టాఫీసులో, అందినట్లు సంతకం తిరిగి వచ్చే పద్ధతిలో పంపాను. వేలం కూడా ఆ రోజే. గుర్రం ఎంతకు పోయిందో ఆన్‌లైన్‌లో ఉందని అమ్మాయి అంది. నేను అడగలేదు.

తొమ్మిదో రోజున రసీదు కార్డు వచ్చింది. ఆమె తెలుగులో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, పూర్తి పేరుతో సంతకం చేసి, దాని పక్కన తండ్రి పేరు కూడా రాసింది.

పాత ఇన్‌లాండ్ ఉత్తరం బయటికి తీశాను. మూలనున్న నా రాతను కొట్టివేయలేదు. ఒకసారి రాసినదాన్ని కనబడకుండా చేయకూడదన్నది నా ఉద్యోగంలో మొదట నేర్పిన పాఠం. దాని కింద ఈనాటి తేదీ వేసి, ‘జవాబు పంపితిని’ అని రాసి, పూర్తి సంతకం చేశాను.