కద్మాలో గాలి తూచిన మూడు రోజులు

వాల్తేరులో మధ్యాహ్నం మెయిలెక్కాను. డెబ్బైల చివర, యూనివర్సిటీలో గాలిలోని సన్నని ధూళి మీద పరిశోధన చేస్తున్న రోజులవి. ఫ్యాక్టరీల ఊరి గాలి నమూనాలు కావాలని జంషెడ్‌పూర్ ఎంచుకున్నాను. మా మాస్టారికి చెప్పిన కారణం అది. అక్కను చూసి ఆరేళ్ళయిందని ఆయనకు చెప్పలేదు.

నా ఒళ్ళోని పెట్టెలో, గాలిని లాగి ధూళిని వడపోత కాగితం మీద పట్టే పంపు ఉంది. ఎదురుగా కూర్చున్న పలాస ఆవిడ, టాటానగర్ రైల్వే ఉద్యోగి భార్య, కుట్టుమిషనా అని అడిగింది. చెప్పాను.

"దుమ్ము పట్టడానికి మిషనేటమ్మా? మా క్వార్టర్ కిటికీ తీత్తే సాల్దా?" అని నవ్వి, తన డబ్బాలోంచి పులిహోర పెట్టింది.

తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో బండి మారి, తొమ్మిదిన్నరకు జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్‌లో దిగాను. స్టేషను బయట, అక్కవాళ్ళుండే కద్మా పేటకు టెంపోలుంటాయి. పదకొండుకల్లా అక్కవాళ్ళ డాబా మీద పంపు తిరుగుతోంది.

మర్నాడు అదే వేళకు కాగితం తీశాను. తెల్లటిది బూడిదరంగుకు తిరిగింది. అక్క దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది నా లోపలికీ ఎల్తందా?"

కొంత వెళ్తుందన్నాను. అది ఏం చేస్తుందో చెప్పాలంటే నెలల తరబడి కొలవాలన్నాను.

"అయన్నీ ఎందుకే. ఈ గాలి నాకు పడదని మీ బావతో సెప్పు. సదువుకున్నదానివి, నీ మాట ఇంటాడు. ఒక్క నెల మనూరెల్లొత్తాను."

బావ కర్మాగారంలో క్రేన్ నడుపుతాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కాగితం ఏం చెప్పిందని ఆయనే అడిగాడు. అక్క నా వైపు చూసింది. అబద్ధం నోటిదాకా వచ్చింది.

"ఒక్క కాగితం ఏమీ చెప్పదు బావా. అక్కకి ఇంటిమీద బెంగగా ఉంది."

ఆయన అన్నం కలపడం ఆపాడు. "నాతో ఎప్పుడూ సెప్పలేదే."

"మీరూ ఎప్పుడూ అడగలేదు," అంది అక్క, కంచంలోకి చూస్తూ.

వాళ్ళ పదేళ్ళ కూతురు హిందీలో, నువ్వు వెళ్ళిరా అమ్మా, నేను నాన్నని చూసుకుంటానంది.

మూడోనాటి సాయంత్రం అక్కా నేనూ బండెక్కాం. బావ కిటికీ ఊచ పట్టుకుని, బండి కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

పొద్దున్న బరంపురం దాటాక గాలిలో ఉప్పు తగిలింది. జంషెడ్‌పూర్ గాలి గురించి నేను తెలుసుకున్నది నాలుగు మాటల్లో అయిపోతుంది. అక్క గురించి అలా కాదు. ఆరేళ్ళుగా బెంగపెట్టుకున్న మా వైపు గాలి మొహానికి కొడుతుంటే, కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. ఆమె నా వాచీలో టైము చూసింది.

"పిల్ల బడికెల్లే వేళయింది. దానికి జడెవులేసేరో."