కీబోర్డుకు కట్టిన దారం

మా పాత కంప్యూటర్‌కు కీబోర్డు పోర్టు వదులైపోయింది. వైరు ఊడిపోకుండా దారంతో కట్టి నడిపిస్తున్నాను. ఈ రోజు మధ్యాహ్నం పక్కింటివాళ్ల పెళ్లి పత్రిక టైప్ చేస్తుంటే, పెళ్లికూతురి పేరు సగంలో ఉండగా అక్షరాలు పడటం ఆగిపోయింది. తొంగి చూస్తే కంప్యూటర్ వెనక మా బాపు, చేతిలో చిన్న కత్తెరతో.

“దారం ఎందుకు తెంపినవ్ బాపూ?”

“గట్ల యాలాడుతుంటే సేఠ్ మాల్ వాపస్ చెయ్యడా బిడ్డా?”

మళ్లీ కడితే మళ్లీ తెంపుతాడని, మిగతా పత్రికంతా తెర మీది కీబోర్డులో మౌసుతో ఒక్కో అక్షరం నొక్కుతూ పూర్తిచేశాను. ఈ పోస్టు కూడా అలాగే రాస్తున్నాను.

సేఠ్‌కు బట్ట నేసిచ్చిన మగ్గం మేం అమ్మేసి ఏడాదైంది. ఆ సంగతి బాపు చేతులకు ఎలా చెప్పాలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.