చేమ తోటలో అమ్మ

నా స్నేహితురాలు మా ఊరు ప్లేనోలో ఉద్యోగం మానేసి, హవాయిలో అగ్నిపర్వతాల దీవికి మకాం మార్చినప్పుడు, ఆర్నెల్లలో తిరిగొస్తుందని అందరికంటే గట్టిగా అన్నది నేనే. ఏళ్లు గడిచాయి, రాలేదు. దేశం నుంచి వచ్చి నాలుగు నెలలుగా మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్న అమ్మకు ఊళ్లు చూపించానన్న పేరైనా దక్కుతుందని, ఈ వేసవిలో ఆమెను తీసుకుని అక్కడికి వెళ్లాను.

గేటు దగ్గరే కడుపు మండింది. ఇంటికప్పు దాటిన కరివేపాకు చెట్టు. నేనేమో చలికాలం రాగానే కుండీని ఇంట్లోకి మోసి, పసిబిడ్డలా కాపాడుకుని, పోపులోకి రెండు రెబ్బలు తుంచాలన్నా వెనకాడతాను. తను దారికి అడ్డమని కొమ్మలు నరికి పారేస్తోంది.

ఎటు చూసినా పచ్చదనమే. నేల మాత్రం పాత లావా, గునపం వేస్తే ఖంగుమంటుంది. ఆ ఒక్క లోపం దొరికాక ప్రాణం లేచొచ్చింది. మళ్లీ లావా వస్తేనో అని కాస్త ఆశగానే అడిగాను. వస్తే బ్యాగు తీసుకుని వెళ్లిపోతామంది, టీ వడపోస్తూ.

ఆ ఊళ్లో శనివారం శనివారం అందరూ కలిసి ఒకరి తోటలో పని చేస్తారు. తర్వాత ఆ ఇంట్లోనే భోజనం. నేను ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఇంగ్లిష్ ముక్క రాని అమ్మ వాళ్ల వెంట వెళ్లింది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే, కుచ్చిళ్లు ఎగ్గట్టి చేమ పిలకలు నాటుతోంది. ఎంత లోతు పెట్టాలో తెలుగులో ఆమె, ఇంగ్లిష్‌లో పక్కనున్న ముసలాయన వాదించుకుంటున్నారు, మధ్యలో పడీపడీ నవ్వుతున్నారు. మా ఇంట్లో అమ్మ ఒక్కసారి కూడా అలా నవ్వలేదు. అక్కడ నేను ఆఫీస్ నుంచి వచ్చి కారు తీస్తే తప్ప గడప దాటదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఆ ముసలాయన మీద కోపం కూడా వచ్చింది.

బయల్దేరే రోజున అమ్మ నా ముందే నా స్నేహితురాలిని అడిగింది.

"వచ్చే ఏడు నేరుగా ఇక్కడికే వస్తే నీకేమైనా ఇబ్బందా అమ్మా?"

తను నా మొహం వంక చూసింది. నేను ఆగలేకపోయాను.

"మా ఇంట్లో ఏం తక్కువైందమ్మా నీకు?"

"ఏం తక్కువ కాలేదే. అక్కడ నాకు పనేం లేదు, అంతే."

విమానంలో సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, ఏ కోపమూ లేకుండా, మామూలుగానే అడిగింది అమ్మ.

"మీ ఇంటికి ఎన్నింటికి చేరతాం?"