మా పెరట్లో నిలబడని రాయి

మా బజార్లో ఇంతవరకు ఎవ్వరూ చెయ్యని ఘనకార్యం ఒకటి నేను చేశాను. వర్తక సంఘం భోజనాల్లో, విస్తట్లో పులిహోర ఉండగానే, నూరు మంది షావుకార్ల ముందు లేచి నిలబడి అనకూడని మాట అన్నాను. ఖమ్మంలో డజను గాజులకు గాజులవాడిని మూడు చెరువుల నీళ్లు తాగించే మనిషిని నేను. అలాంటిదాన్ని ఆ ఒక్క సరుకుకు మాత్రం రేటు అడగలేదు. సిగ్గుపడాల్సిన సంగతే. అయినా చాన్నాళ్లు గొప్పగానే చెప్పుకున్నాను.

మాది అడవి అంచు ఊరు. భద్రాచలం పోయే బస్సు డ్రైవరు టీ తాగేంతసేపు ఆగుతుంది, అంత ఊరు. మా నాయన మధిర దిక్కు నుంచి రెండు ఉప్పు బస్తాలతో వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడు. చింతపండు, తేనె, చీపుర్లు కొంటాం. ఉప్పు, నూనె, సబ్బులు అమ్ముతాం. నాకు అక్షరాల కంటే ముందు తూకం వచ్చింది. పెళ్లి నాకు అచ్చిరాలేదు గానీ గల్లా అచ్చొచ్చింది.

ఇక్కడి చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవాళ్లు భూమి కొనడానికి లేదు. కోయవాళ్ల భూమి కోయవాళ్ల పేరు మీదే ఉండాలి. ఉన్నది కూడా. బస్టాండు నుంచి చెక్‌పోస్టు దాకా ప్రతి కొట్టు స్థలమూ కాగితం మీద ఒక కోయ మనిషిదే. ఆ కొట్లో మూటలు మోసే ఆయనదో, చింతపండు కొట్టే ఆమెదో. గల్లా మీద కూర్చునేది మాత్రం మేము. ఆ మనిషిని బజార్లో 'పేరు' అంటారు. "మీ పేరు ఎట్లున్నడు?" అంటే మీ స్థలం ఎవరి మీద ఉందో ఆయన కులాసానా అని. "మా పేరుకు జరమొచ్చింది, జల్దీ దవాఖానాకు తీస్కపోవాలె" అని ఒకాయన కారు కిరాయికి మాట్లాడుతుంటే విన్నాను. అదే మనిషి సొంత అత్తకు ఆటో పిలిచాడు.

అంతకు మించి ఒక్క ముక్క ఎవరూ మాట్లాడరు. ఎవరి కొడుకు తాగుతాడో, ఎవరి కోడలు పుట్టింట్లో ఎందుకుందో అన్నీ మాట్లాడుకుంటాం. ఈ ఒక్కటి మాట్లాడుకోం.

మా 'పేరు' అక్క. నాకంటే పదేళ్లు పెద్దది. చిన్నప్పుడు నాకు జడలు వేసింది. మా పెరట్లో ఇంకో నలుగురు ఆడవాళ్లతో కూర్చుని చింతపండు కొట్టి గింజ తీసేది. నేను అక్కా అనేదాన్ని, ఆమె పాపా అనేది. నా తల నెరిసినా పాపనే. ఏటా ఉగాదికి మా అమ్మ ఆమెకు చీర పెట్టేది, నాయన తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకునేవాడు. చీర ఎందుకో, కాగితం ఎందుకో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మూడు ఎండాకాలాల కింద, చింతపండు రోజుల్లో, అక్క నన్ను పక్కన కూర్చోమంది. ఆమె పెనిమిటి పోయి అప్పటికి ఏడాది దాటింది. వాళ్లలో పోయినవాళ్లకు రాయి నిలబెడతారు. చుట్టాలొచ్చి, వండుకుని తిని, సొంత జాగాలో నిలబెట్టాలి. అందాకా ఆ మనిషికి కూర్చోను చోటు దొరకనట్టే, బయట తిరుగుతున్నట్టే. వాళ్ల పాత చేను సర్కారు తోటల కంచెలోకి పోయింది. మామగారి రాయి కూడా ఆ కంచె లోపలే ఉంది.

"పాపా, పెరట్ల ఆ నిమ్మచెట్టు పక్కన మోకాలెత్తు రాయి పెట్టుకుంట. సేటునడుగు."

"మా పెరట్లనా?"

"మరేడ పెట్టాలె? నా పేరు మీదున్న జాగ అదొక్కటే అంటరు గద." అని నవ్వింది. చేతిలో చింతపండు కొట్టే కర్ర ఆగలేదు.

నేనూ నవ్వాను. లోపలికి పోయి మంచినీళ్లు తాగాక గాని నాకు తట్టలేదు, ఆ మాట 'పేరు' నోటి నుంచే వినడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు అని.

నాయనతో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"రాయి పెడితే రాయి ఊకుంటదా? రేపు దండం పెట్టనీకి చుట్టాలొస్తరు. ఎల్లుండి ఈ జాగ ఎవరిదని అడుగుతరు."

"అడిగితే ఏమైతది? ఆమెదే గద."

చిరిగిన నోటు చూసినట్టు చూశాడు నన్ను. "ఆ మాట ఈ గోడలకు గూడ ఇనిపియ్యకు."

అక్కడ నా తెలివి పనిచేయడం మొదలుపెట్టింది. బేరంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. రేటు నోట్లోంచి బయటపడేదాకనే భయం. బయటపడ్డాక అదీ ఒక అంకె. పెంచొచ్చు, తగ్గించొచ్చు, లేచి పోతున్నట్టు నటించొచ్చు. ఇదీ అంతే అనుకున్నాను. బజారంతా ఒక్కసారి నోటితో ఒప్పుకుంటే, తర్వాత కిరాయి ఇద్దామా, వాటా ఇద్దామా, కనీసం ఒక రాయి పెట్టుకోనిద్దామా అని కూర్చుని మాట్లాడుకోవచ్చు. మాట్లాడని దాన్ని ఎట్లా బేరమాడతాం? ఇప్పటికీ ఈ తర్కంలో నాకు తప్పు కనబడదు. ఎంత గట్టి నమ్మకమంటే, అక్కకు చెప్పాలని కూడా తోచలేదు. ఆమె కోసమే కదా మాట్లాడేది, ఆమెను అడిగేదేముంది!

సంఘం భోజనాల్లో అధ్యక్షుడు, మా ఎదుటి బట్టల కొట్టు ఆయన, నేను బాబాయి అంటాను, "ఇంకేమన్న ముచ్చట్లున్నయా?" అని మాటవరసకు అడిగాడు. నేను లేచాను.

"మన కొట్ల స్థలాలు మనయి కావు. ఎవరి పేర్ల మీదున్నయో అందరికీ ఎరుకే. ఒక్కసారి పైకి అనుకుందాం. ఆళ్లకు ఏం చెయ్యాలెనో తర్వాత ఆలోచిద్దాం."

అరుస్తారనుకున్నాను. అరిచేవాడితో బేరం కుదురుతుంది. ఎవరూ అరవలేదు. చివరి వరసలో ఎవరో ఊరగాయ అడిగారు. బాబాయి విస్తట్లోంచి తలెత్తకుండానే, "బిడ్డా, నువ్వు ఎట్లాగు నిలబడే ఉన్నవు గద. ఆ పెరుగు బకెట్ అందుకో" అన్నాడు.

అందుకున్నాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా వడ్డించాను. కొందరు ఇంకొంచెం వెయ్యమన్నారు.

ఆ తర్వాత పది రోజుల్లో ఒక్కొక్కరే మా కొట్టుకు వచ్చారు. ఇనుప సామాన్ల ఆయన, మేకులు అమ్ముకునే మనిషి, మా దగ్గర అగ్గిపెట్టె కొనే వంకతో వచ్చాడు. "నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం చెల్లె. నాకు గూడ గట్లనే అనిపిస్తది. కాని గట్ల అనొద్దు." మందుల షాపాయన అదే అన్నాడు. పిండిమిల్లు ఆమె అదే అంది. మొత్తం ఏడుగురు. ప్రతి ఒక్కరూ తనొక్కరికే అట్లా అనిపిస్తుందని అనుకుంటున్నారు.

"నీలెక్కనే ఇంకా ఆరుగురు అన్నరన్నా" అన్నాను ఇనుప సామాన్ల ఆయనతో. "అందరూ ఒక్క బల్ల మీద కూసుంటే అయిపోతది."

"అమ్మో. ఆళ్ల ముందరనా?"

వానలు మొదలయ్యేలోపు బజారు పేర్లు మార్చుకుంది. ఊళ్లో ఉండి, నాలుగు మాటలు చెవినబడే మనుషుల మీంచి తీసి, వాగులవతల ఉండి బజారు మొహం చూడని మనుషుల మీదికి రాయించారు. కోయవాళ్ల నుంచి కోయవాళ్లకే కాబట్టి చట్టానికి అడ్డం లేదు. నాయనకు సలహా చెప్పింది బాబాయే.

పొద్దున బోణీ అయ్యాక కాగితాలు రాసే ఆయన వచ్చాడు. నాయన, బాబాయి, ఆయన, నేను. అక్కను పెరట్లోంచి పిలిచారు. చేతులకు చింతపండు జిగురు, కడుక్కుని వచ్చింది. నాయన చాలా మెత్తగా మాట్లాడాడు. "ఊళ్లె ఏందేందో ముచ్చట్లు నడుస్తున్నయమ్మా. నీకెందుకు తిప్పలని."

అక్క సిరాపెట్టె వైపు చూసింది. నా వైపు చూసింది.

"పాపా, పెట్టమంటవా?"

నూరు మంది ముందు తెరిచిన నోరు ముగ్గురి ముందు తెరుచుకోలేదు. నూరు మంది ముందు అన్నది బజారు గురించి. ఈ ముగ్గురి ముందు అనాల్సింది మా కొట్టు గురించి, అంటే నా కంచం గురించి. నాయనకు బీపీ ఉందని ఆ నిమిషంలోనే గుర్తొచ్చింది. వేలు తుడుచుకోవడానికి ఆమెకు గుడ్డ అందించాను. నేను చేసిన పని అదీ.

మరుసటి చింతపండుకు ఆమె రాలేదు. ఉగాదికి చీర పట్టుకుని నేనే వాళ్ల గూడేనికి పోయాను. గుమ్మంలో చేటలో బియ్యం చెరుగుతోంది. కూర్చోను పీట వేసింది. చీర చూసి నవ్వింది.

"ఇప్పుడు పేరు లేదు గద పాపా. చీరెందుకు?"

"నేను నీ కోసమే లేసిన అక్కా ఆ రోజు."

"అవ్, ఇన్న." కాసేపు చెరిగింది. "నేనడిగింది రాయి. ముచ్చట కాదు. నువ్వు లేవకుంటే ఏడాదికొక్కపారి అడిగెటోళ్లం. మూడో ఏడు సేటే యిసిగి, పెట్టుకో పో, ఎవ్వనికి చెప్పకు అనెటోడు. గట్లనే గద పెరట్ల పంపు పెట్టించింది నేను."

నిజమే. ఆ పంపు ఆమె మూడేళ్లు అడిగి పెట్టించింది. మా ఇంట్లో నాకంటే గట్టి బేరగత్తె ఒకతె ఉండేదని అప్పుడు తెలిసింది.

"మరి జాగ నీదన్న మాట ఎన్నటికీ ఎవరూ అనొద్దా అక్కా?"

"అనాలె. నన్నడిగి అంటివా? అడిగితే నీ పక్కన నేను గూడ నిలబడుదు. ఏలు పెట్టేనాడు నువ్వు నా పక్కన నిలబడుదువు."

చీర వెనక్కి తెచ్చాను. అక్క వాళ్ల అన్న అడవి నరికి సాగు చేసే పోడు చెలకలో రాయి పెట్టొచ్చుగా అని తిరుగు బస్సులో తట్టింది. కానీ ఆ చెలకకు కాగితం లేదు, ఫారెస్టువాళ్లు ఎప్పుడు పీకేస్తారో తెలియదు. అక్క పెనిమిటి ఇంకా బయటే తిరుగుతున్నాడు.

ఇక లెక్క. మా కొట్టు మునుపటి కంటే భద్రంగా ఉంది. నాయన బీపీ అదుపులో ఉంది. ఖమ్మంలో చుట్టాలు నన్ను ధైర్యం గల మనిషి అంటారు, నేను కాదనలేదు. ఆ ఏడుగురూ ఇప్పటికీ విడివిడిగా నా మాటే నిజమంటారు. అక్కకు పోయినవి నాలుగు: పేరు, పని, నిమ్మచెట్టు మూల, పెనిమిటికి చోటు. లాభం వైపు ఏదైనా ఒక్కటి వేద్దామని చాలా వెదికాను. "మీ పేరు ఎట్లున్నడు?" అని బజార్లో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఆ దొంగచాటు మాట కూడా నా వల్ల ఆగిపోయింది. నోరు తెరిపిద్దామని లేచినదాన్ని, ఉన్న ఆ కాస్త నోరూ మూయించాను. నేను అన్నవి నాలుగు మాటలు. ఖరీదంతా ఆమె కట్టింది. నా వంతుకు నేను కట్టింది, పెరుగు వడ్డించిన ఆ అరగంట.