తాత కుడి పక్కకు మార్చిన మెడల్

పోయిన వారం మా పాప బడిలో వేషాల పోటీ ఉందంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రెస్సులు కిరాయికిచ్చే దుకాణానికి వెళ్ళాను. దుకాణమాయన సైనికుడి డ్రెస్సు తీసి, దాని మీద ఒక రేకు మెడల్ తగిలించాడు. పాప నవ్వుతోంది, నేను మాత్రం బయటికొచ్చి నిలబడ్డాను. ఎల్బీ నగర్ పోయే ఆ రోడ్డు మీద నిలబడితే మా తాత గుర్తుకు రాకుండా ఉంటాడా!

తాత, అంటే మా నాయినకు నాయిన, నల్గొండ దిక్కు పల్లె నుంచి మిలట్రీలోకి పోయినవాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో తూటాలు కురుస్తుంటే, గాయపడ్డ దోస్తును వీపు మీద వేసుకుని వాగు దాటించాడట. ఆ దోస్తు గుంటూరు వైపు మనిషి. ఒడ్డుకు చేరాక తాత ఒళ్ళోనే ప్రాణం విడిచాడు. అందుకే తాతకు మెడల్ వచ్చింది. ఆగస్టు పదిహేనున కాలనీలో జెండా ఎగరేసేటప్పుడు మాత్రమే దాన్ని ఇస్త్రీ చొక్కాకు ఎడమ పక్కన పెట్టుకునేవాడు. మిగతా రోజుల్లో ఎంత బతిమాలినా చూపించేవాడు కాదు.

మన ఈడు వాళ్ళకు ఉద్యమం రోజులు ఒకరు చెప్పాలా! మా చిన్నాయన షేర్ ఆటో నడిపేవాడు, దాన్ని పక్కన పెట్టేసి ఉద్యమంలోకి దూకాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు, రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినడమన్నమాట. మెడల్ పెట్టుకుని ముందు వరుసలో కూర్చోమని చిన్నాయన తాత వెంటపడ్డాడు.

"ఒస్తరా. తెలంగాణ నాకు గూడ గావాలె. మెడల్ మాత్రం రాదు. అది నా ఒక్కనిది గాదు," అన్నాడు తాత.

"మరెవనిది? గా గుంటూరోనిదా?" అని చిన్నాయన ఎకసెక్కెమాడాడు. తాత కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఆ రోజు బస్సుల్లేక తాతా నేనూ నడిచే వెళ్ళాం. చౌరస్తా నిండా రాళ్ళ పొయ్యిలు, పొగ, డప్పులు. లారీ మీద నిలబడి మైకులో మాట్లాడుతున్నది మా చిన్నాయనే, ఎడమ రొమ్మున తాత మెడల్. ట్రంకుపెట్టెలోంచి చెప్పకుండా తీసుకెళ్ళాడు. తాత జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి, ఎవరో చెయ్యిస్తే లారీ ఎక్కాడు. కొడతాడేమోనని నేను కళ్ళు మూసుకోబోయాను. ఆయన మెడల్‌ను ఎడమ పక్క నుంచి తీసి, నెమ్మదిగా కుడి పక్కన పెట్టి, కొడుకు భుజం తట్టి దిగిపోయాడు. జనం ఈలలు, చప్పట్లు. చిన్నాయన మొహం వెలిగిపోయింది.

తిరిగొస్తూ ఎందుకలా మార్చావని అడిగాను.

"ఎడమ దిక్కు గెల్చుకున్నోడే పెట్టుకోవాలె బిడ్డా. ఆడు సచ్చినంక ఇంట్లోళ్ళు కుడి దిక్కు పెట్టుకుంటరు. మిలట్రీ కాయిదా గది."

"నువ్వు బతికే ఉన్నవ్ గద తాతా?"

తాత అడుగుల వేగం పెంచాడు. "చిన్నాయనకు జెప్పకు. సంబురంల ఉన్నడు."

ఆ తర్వాత తాత ఆ మెడల్‌ను తిరిగి తీసుకోలేదు, చిన్నాయన ఎంత ఇవ్వబోయినా "నీ దగ్గర్నే ఉండనీ" అనేవాడు. జెండా పండగకు ఉత్త చొక్కాతో వెనక వరుసలో నిలబడేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు చిన్నాయన నోట్లో పెట్టిన మిఠాయి తిన్నాడు, కానీ మెడల్ తగిలించబోతే ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

మరుసటి చలికాలంలో తాత పోయాడు. పాడె ముందు నడవడానికి చిన్నాయన మెడల్‌ను కుడి పక్కనే పెట్టుకున్నాడు. తండ్రి తన చేత్తో పెట్టిన చోటు కదా, అదే గౌరవమనుకున్నాడు. చూడ్డానికొచ్చిన ఒక ముసలి మాజీ సైనికుడు అతని వీపు నిమిరాడు.

"మంచిగ జేసినవ్ బిడ్డా. పోయినోళ్ళ మెడల్ కుడి దిక్కే ఉండాలె. ఎవరు నేర్పిన్రు నీకు?"

చిన్నాయన మెడల్ మీద చెయ్యి వేసుకుని నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

పొయ్యిలు పెట్టిన ఆ చౌరస్తాలో ఇప్పుడు మెట్రో స్తంభాలు లేచాయి, ఫ్లైఓవర్లు లేచాయి. కోరుకున్న రాష్ట్రం వచ్చింది, దానికి నాకు సంతోషమే. ఆ రోజు ఒకే బంతిలో కూర్చుని తిన్నవాళ్ళం, ఇప్పుడు పైవంతెన మీద నుంచి రయ్యిమని పోతున్నాం, కింద ఏముందో కూడా చూడం. చిన్నాయన మాత్రం పైన ఖాళీ దారి ఉన్నా ఆటోను కిందనుంచే తీసుకెళ్తాడు, తాత లారీ ఎక్కిన చోటే సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తుందని తెలిసీ.