సైబీరియా నుంచి రాని కొంగలు

నల్లగండ్లలో మా బాల్కనీలో నిలబడితే చెరువులో నీళ్లు లోతు తక్కువగా ఉండే మూల కనిపిస్తుంది. చలి మొదలవగానే అక్కడ పెద్ద పెద్ద కొంగలు దిగుతాయి. పసుప్పచ్చని ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, కాలితో బురద కెలుకుతూ, చేప తగిలేదాకా ఓపిగ్గా నడుస్తాయి. ఎంత ముచ్చటగా ఉంటాయంటే, ఆఫీసు కాల్‌లో ఉండి కూడా నేను వాటినే చూస్తూ కూర్చుంటాను. మా అపార్ట్‌మెంటులో అందరూ వాటిని సైబీరియా కొంగలనే అంటారు. మా సంఘం వాట్సాప్ గ్రూపుకు పెట్టిన బొమ్మ కూడా వాటిదే.

కిందటేడు ఆ మూలను లోతుగా తవ్వించి, ఫౌంటెన్, రంగుల లైట్లు పెట్టించమని అధికారులను అడగాలని సంఘం మీటింగ్ పెట్టింది. లోతైతే కొంగలకు కాలు ఆనదు, ఇక దిగవు. నాకు బెంగ పట్టుకుంది. అదృష్టవశాత్తు సంఘం కార్యదర్శి గారే మెత్తబడ్డారు. ఆయనదీ నాలాగే గోదావరి వైపు.

"అంత దూరం నుంచి మనల్ని నమ్ముకుని వస్తున్నాయండీ. తరిమేస్తే పాపం కదండీ," అన్నారు.

చాలామంది తలలూపారు. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు లేచింది మా ఆవిడ. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. కంటబడ్డ తప్పును చూసీచూడనట్టు వదిలేయడం ఆమెకు చేతకాదు.

"సార్, జర ఆగుండ్రి. ఇవి సైబీరియావి కావు. ఎర్రకాళ్ల కొంగలు. మన దగ్గర ఉండేటియే."

చెయ్యి పట్టి లాగాను. కూర్చోలేదు. అసలైన సైబీరియా కొంగలు తెల్లగా, ఎర్రటి మొహంతో ఉంటాయని చెప్పింది. మంచుకొండలు దాటి ఉత్తరాదిన ఒక చిత్తడి నేలకు వచ్చి, చలికాలమంతా మోకాటి లోతు నీళ్లలో గడ్డలు తవ్వుకుని తినేవట. దారి పొడవునా వేటగాళ్లు, ఎండిపోయిన మడుగులు. ఏటేటా తగ్గి తగ్గి, చివరికి మన దేశానికి రావడమే మానేశాయట.

"లోకల్ కొంగలేనా? అయితే ఫౌంటెన్ పెట్టుకోవచ్చుగా," అన్నారెవరో వెనక నుంచి.

"అదీ నిజమేనండీ," అన్నారు కార్యదర్శి గారు.

చేతికందిన దాన్ని చేజేతులా చెడగొట్టిందని నాకు ఒళ్లు మండింది.

మా ఆవిడ పుట్టింది మూసాపేటలో. హైదరాబాద్ దాటి ఎక్కడా ఉండలేదు. గొంతు పెంచకుండానే అంది:

"అంత దూరం ఎగిరేటియే జాగ దొరక్క రాకుంట పోయినయి సార్. మరి ఇక్కడియి ఏడికి పోవాలె?"

ఆ హాల్లో ఉన్నవాళ్లలో సగం మందిమి ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నవాళ్లమే. ఫౌంటెన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమె మీద విసుక్కున్న నాకే, ఇంటికొచ్చేటప్పుడు ఆమె పక్కన నడవడం గర్వంగా అనిపించింది.

ఈ చలికాలం కార్యదర్శి గారు ఊరి నుంచి వచ్చిన చుట్టాలను చెరువు గట్టు మీదికి తీసుకొచ్చారు. మేమిద్దరం అక్కడే ఉన్నాం. నీళ్లలో కొంగలు తమ పని తాము చేసుకుంటున్నాయి.

"సైబీరియావా?" అని అడిగాడు ఒకాయన.

కార్యదర్శి గారు మా ఆవిడ వైపు ఒకసారి చూశారు.

"కాదండీ," అన్నారు. "మనవే."