ఏమీ అడగని సీడీ

మా సీడీ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. మిషన్‌లో పెట్టి ఆన్ చేస్తే చాలు. డిస్కు మొత్తం తుడిచేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించి, దాని మీద మా ప్రోగ్రాములన్నీ సర్దేసి, పనైపోయాక తనే బయటికి వచ్చేసేది. కాశీబుగ్గలో మా కంప్యూటర్ సెంటర్ గురించి అడిగితే జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లు ముందు ఆ సీడీ సంగతే చెప్పేవారు. నేనూ కాలరెగరేసుకుని తిరిగాను.

అలా చేయమన్నది మా అక్క. అంతకుముందు ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగ్ చేసేది. తర్వాత నా దగ్గర టైపింగు నేర్చుకుని, సెంటర్‌కు నాకంటే పెద్ద యజమాని అయింది. ప్రోగ్రామునూ దానికి కావలసినవన్నిటినీ ఒకే మూటగా కట్టడాన్ని ప్యాకేజీ అంటారని గొప్పగా చెప్పబోతే, "పప్పు డబ్బాలో పోసి సీలెయ్యడమే కదేటిరా, దీనికింత సదువెందుకు?" అని నవ్వింది.

ఒక ఫ్యాక్టరీలో మొదటి సర్వర్ పెట్టిన రోజు తెర మీద ఇంగ్లీషులో ప్రశ్న రాగానే ఫ్యాక్టరీ గుమస్తా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అక్కకు నా మీద కోపం వచ్చింది.

"ఆల్లు బయపడి ఏదోటి నొక్కేత్తారు. ఏటీ అడక్కుండా సేసుకుపోయీలాగ పెట్టు."

పెట్టాను. మా సెంటర్ సర్వర్‌తో సహా ప్రతి మిషనూ సీడీ ఉంటే ముందు దాన్నే చదివేలా, కరెంటు పోయి వస్తే తనంతట తనే ఆన్ అయ్యేలా కూడా పెట్టాను. అన్నీ మంచి పనులే అనుకున్నాను.

తర్వాత అక్క కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. అదే నాకు ఒళ్లు మండించేది. పలకరించడానికి వచ్చినవాళ్లు తమ ఇంట్లో ఎవరికొచ్చిందో చెప్పి వెళ్లేవారు. డయాలసిస్‌కు పలాసలో రైలెక్కి విశాఖ వెళ్లి వచ్చేది. కూతురికి అప్పటికి ఐదేళ్లు.

ఒకరోజు అక్క మైకు అడిగింది.

"పిల్లకి నాలుగు మాటలు సెప్పుకోవాల. పెద్దమనిసయ్యాక ఇనిపించు. నువ్వు మాత్రం ఇనకురా, నాకు సిగ్గు."

ఓపిక ఉన్న రోజుల్లో పొద్దున్నే వచ్చి రికార్డు చేసేది. నేను తలుపు దగ్గరకు వేసి, ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడేవాణ్ణి. మా సెంటర్ సర్వర్‌లో పెద్ద డిస్కు ఉందని అన్నీ అందులోనే దాచాం. కాపీ తీసుకోండి, కాపీ తీసుకోండి అని ప్రతి ఫ్యాక్టరీకీ వెళ్లి చెప్పిన నేను అక్క మాటలకు కాపీ తీయలేదు. చెప్పడం పూర్తయ్యాక అన్నీ కలిపి ఒక సీడీ మీద రాద్దాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కాపీ తీస్తే ఆమె ఇంక చెప్పడానికి రాదని ఒప్పుకున్నట్టవుతుందని భయం.

అక్క పోయింది. పన్నెండో రోజు కార్యం అయ్యాక సెంటర్ తెరిచాను. ఎవరికో సీడీ కావాలంటే ఆ సర్వర్ మీదే రెండు రాశాను. ఒకటి ఇచ్చి, రెండోది డ్రైవులోనే మరిచిపోయి, టెక్కలిలో పనుంటే వెళ్లాను. ఆ పూట కరెంటు పోయి, మళ్లీ వచ్చింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి సీడీ ట్రే బయటికి చాచుకుని ఉంది. తెర మీద కొత్త లాగిన్. డిస్కు మొత్తం తుడుచుకుని లినక్స్ ఒక్క తప్పు లేకుండా ఎక్కింది. ఆ సీడీని విరిచేస్తే చెయ్యి తెగింది తప్ప ఒరిగిందేమీ లేదు. నెల రోజులు డిస్కును గాలించాను. అక్కది ఒక్క మాటా దొరకలేదు.

ఆ తర్వాతి సీడీలన్నీ అడిగాయి, తెలుగులోనే: "ఇందులో ఉన్నవన్నీ పోతాయి. చెరిపెయ్యమంటారా?" ఈ చాదస్తం ఎందుకని ఫ్యాక్టరీల వాళ్లు విసుక్కున్నారు. వాళ్లకు కారణం చెప్పలేదు.

మేనకోడలు పెద్దమనిషి అయింది. చాప మీద కూర్చోబెట్టిన మూడో రోజున, ఇల్లంతా ఆడవాళ్లు వంటల్లో ఉండగా, గుమ్మం ఇవతల కూర్చుని దానికి మొత్తం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చింది నేను.

"అమ్మ ఏటి సెప్పిందో నీకూ తెలీదా మావా?"

"ఇనొద్దంది తల్లీ. ఇన్లేదు."

చాప అంచు గోటితో గీకింది.

"ఒక్కటైనా దొంగసాటుగా ఇనీయాల్సింది మావా," అంది.